గ్రామకంఠము – కొలతల చరిత్ర

పూర్వము ఊరనగా గ్రామకంఠమే. నడుమ ఇండ్లు, దొడ్లు, చావిడి, చుట్టును పొలములు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు ప్రభుత్వమువారు ఆంధ్రజిల్లాల రైత్వారీ గ్రామములలో సర్వే జరిపించి, ప్రతి పొలమునకును నంబరు వేసి గొలుసుతో కొలిపించిరి. ఆ గొలుసు పొడవు 66 అడుగులు; అందు 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. అందులో నూరవ వంతు సెంటు. శిస్తు నిర్ణయించుటకై సెంటునైనను విడువక పొలమును కొలిచిన ఆ సర్వే, శిస్తులేని గ్రామకంఠమును తరచుగా ఒక్క నంబరుక్రిందనే వ్రాసి ఊరకుండెను. అందుచేత పొలమునకు పట్టా యున్న రైతునకే, తాతలనాటి యింటికి పత్రము లేకపోయెను.

జనము పెరిగినకొలది కంఠము నిండి, ఇండ్లు బాటల వెంబడి పొలములలోనికి సాగెను. ఈ పెరుగుదలను లెక్కించుట యెట్లు? 1984లో ఆ పదవి రద్దగువరకు కరణములే అడంగలు వ్రాయుచుండిరి. 1950–51 మొదలు దేశమంతటను భూమిని తొమ్మిది తరగతులుగా విభజించి లెక్క వ్రాయు పద్ధతి వచ్చెను. అందు ‘వ్యవసాయేతర వినియోగము’ అను పద్దున ఇండ్లు, రోడ్లు, రైలుమార్గములే గాక నదులు, కాలువలు సైతము చేరినవి. క్రొత్త కాలువ త్రవ్వినను ఆ అంకె పెరుగును. కావున దానిని మాత్రము చూచి ఇండ్లు పెరిగినవని చెప్పరాదు.

తరువాత ఆకాశమునుండి కొలుచు కాలము వచ్చెను. 1988లో పంపబడిన ఐ.ఆర్.ఎస్.–1ఎ ఉపగ్రహపు రెండు విధముల కెమెరాలలో సూక్ష్మమైనదానికి చిత్రములోని ఒక్కొక్క గడి సుమారు 32 సెంట్ల నేల. అందు అయిదు సెంట్ల యిల్లు విడిగా కానరాదు. 1995లో పంపబడిన ఐ.ఆర్.ఎస్.–1సి ఉపగ్రహపు సూక్ష్మచిత్రములలో గడి ఒక సెంటుకంటె తక్కువ. మొదటి చిత్రమున కానరాని యిల్లు రెండవదానిలో కానవచ్చినంతమాత్రమున అది క్రొత్తగా కట్టినదని అర్థము కాదు; పెరిగినది చూపు. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకముతో, విడిచిపెట్టిన గ్రామకంఠమునే డ్రోనులతో ఇంటింటి హద్దులు చూపునట్లు కొలుచుట మొదలయ్యెను.

ఈ చరిత్ర నేర్పు పాఠ మొక్కటే. రెండు కాలములను పోల్చునపుడు ఎల్లయు, పద్దు అర్థమును, కొలమానమును ఒక్కటిగా నుండవలెను. లేనియెడల లెక్క తప్పును. తప్పులెక్కను నమ్మిన ఊరు తన మాగాణి యెంత తరిగినదో తెలిసికొనజాలదు. మెరకవేసి ఇల్లు కట్టిన మడి మరల మడియగుట అరుదు. కావున పాత గ్రామపటమును గ్రంథాలయమున భద్రపరచి, పదేండ్ల కొకసారి దాని నకలుపై క్రొత్త యిండ్లను, పోయిన మళ్ళను గుర్తించి, తేదీ వేసి ఉంచుట గ్రామస్థులకు సాధ్యమైన పని. ఏ పొలములో మొదటి యిల్లు ఎప్పుడు లేచినదో ఎరిగిన పెద్దలు ఊరిలో నుండగనే ఆ పనికి పూనుకొనుట మేలు.