శిశువుల్లో టంగ్ టై: నాలుక కదలికే కొలమానం

నాలుక అడుగును నోటి కింది భాగానికి కలిపే సన్నని పొర అందరికీ ఉంటుంది. పుట్టుకతోనే అది పొట్టిగా, బిగువుగా ఉండి నాలుక కదలికను అడ్డుకుంటే ఆ స్థితిని టంగ్ టై అంటారు. పొర కంటికి కనిపించినంత మాత్రాన అది లోపం కాదు.

బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో రూపొంది 2015లో ప్రచురితమైన పరీక్షా విధానం నాలుగు అంశాలను చూస్తుంది: నాలుక కొన ఆకారం, పొర కింది చిగుళ్లకు అతుక్కున్న చోటు, బిడ్డ నోరు బాగా తెరిచి ఏడ్చేటప్పుడు నాలుక లేచే ఎత్తు, అది ముందుకు చాచే దూరం. ఒక్కో అంశానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 8. 3 లేదా అంతకన్నా తక్కువ వస్తే కదలిక బాగా తగ్గిందని అర్థం.

అయితే మార్కులను బట్టే పొరను కత్తిరించరు. బిడ్డ పాలు తాగే తీరు, బరువు పెరుగుదల, తల్లి చనుమొనల నొప్పి గమనించాలి. పాలిచ్చే భంగిమ సరిదిద్దితేనే చాలామందికి ఇబ్బంది తీరుతుంది.

మాటలు ఆలస్యమైతే నాలుకనే తప్పుపట్టి వస నూరి నాకించడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. బిగువైన పొర కొన్ని అక్షరాల ఉచ్చారణను దెబ్బతీయవచ్చు గాని, మాటలు రాకపోవడానికి సాధారణంగా అది కారణం కాదు. అలాంటి పిల్లలకు ముందుగా చేయించవలసింది వినికిడి పరీక్ష.