ఫౌ-జీ

బెంగళూరు సంస్థ ఎన్‌కోర్ గేమ్స్ తెచ్చిన మొబైల్ యుద్ధక్రీడ. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించిన రెండు రోజులకే నటుడు అక్షయ్ కుమార్ దీన్ని ప్రకటించారు. 2021 జనవరి 26న విడుదలైంది. ఉస్మానియా హాస్టళ్లలోనైనా, తార్నాక అద్దె గదుల్లోనైనా పబ్జీ అంటే నలుగురు స్నేహితులు జట్టుకట్టి ఆడేది. దానికి బదులుగా ఫౌ-జీలో వారి చేతికందింది గల్వాన్ లోయలో భారత్-చైనా సైనికుల ఘర్షణపై ఒంటరిగా ఆడే కథ, అదీ ఎక్కువగా ముష్టియుద్ధం. అభిమానం ఆగ్రహంగా మారి ప్లే స్టోర్‌లో రేటింగు పడిపోయింది. పబ్జీ అభిమానుల కక్ష ఇందులో కొంత ఉండవచ్చు. జట్టుపోరు లేని లోటు మాత్రం కక్ష సృష్టించింది కాదు. తొలి ప్రయత్నమని సానుభూతి చూపడం న్యాయమే, అయినా గణతంత్ర దినోత్సవానికి ముడిపెట్టి అసంపూర్ణంగా విడుదల చేసింది సంస్థే. జట్టుపోరు ప్రయోగరూపం ఆ ఏడాది జూన్‌లో వచ్చింది; జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరిట పబ్జీ తిరిగొచ్చింది.