చమురు తెట్టును వెంబడించే చదువు

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో ఉండేవాళ్లకు సముద్రమంటే సెలవుల్లో విశాఖకో సూర్యలంకకో వెళ్లి చూసొచ్చేది. కానీ మన దేశ తీరంలో ఓడ దెబ్బతిని చమురు ఒలికితే, ఆ తెట్టు ఎటు కదులుతుందో లెక్కగట్టే చోటు మన ఊళ్లోనే ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి జేఎన్టీయూ దగ్గర దిగితే ప్రగతినగర్ ఎంతో దూరం కాదు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉన్నది అక్కడే. సునామీ హెచ్చరికలతో దానికి పేరొచ్చింది గానీ ఈ పని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఒలికిన చమురును వెంబడించి దాని ప్రభావాన్ని కొలిచే శాస్త్రానికి పునాది పడింది ఇంగ్లండ్‌లో. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకరు దాదాపు 1,20,000 టన్నుల క్రూడ్‌తో కార్న్‌వాల్ దగ్గర రాళ్లకు గుద్దుకుంది. తీరాన్ని శుభ్రం చేయడానికి దాదాపు 10,000 టన్నుల డిటర్జెంట్లు చల్లారు. ప్లిమత్‌లోని సముద్రజీవ పరిశోధనశాల వాళ్లు చేతిలో పనులన్నీ ఆపి ఒడ్డుకు పరుగెత్తారు. చిన్న గొడుగు ఆకారంలో రాళ్లకు అతుక్కుని నాచు మేసే నత్తలు అక్కడ కుప్పలుగా రాలిపోయి కనిపించాయి. మేసేవి లేక కొన్నాళ్లకే బండలన్నీ పచ్చటి నాచు కప్పుకున్నాయి. నత్తలను ఎక్కువగా చంపింది చమురు కాదు, దాన్ని కడగడానికి వాడిన మందు. మందు బాగా చల్లిన చోట్ల బండలు మామూలు స్థితికి రావడానికి పదేళ్లకు పైనే పట్టింది. ఇంత కచ్చితంగా చెప్పగలిగారంటే, ఆ తీరం అంతకుముందు ఎలా ఉండేదో వాళ్ల దగ్గర నమోదై ఉండబట్టే. నా దృష్టిలో ఈ శాస్త్రానికి ప్రాణం ఆ పాత నమోదులే.

1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ఒలికించిన చమురు మరో పాఠం నేర్పింది. పైకి శుభ్రంగా కనిపించే ఒడ్డున రాళ్ల కింద దశాబ్దం దాటినా చమురు మిగిలే ఉంది. పరిశీలన నెలల్లో ముగిసేది కాదని అప్పుడు రుజువైంది.

మన దగ్గర 1990ల మొదట్లో కోమాప్స్ అనే పథకం కింద తీరజలాల నాణ్యతను క్రమంగా కొలవడం మొదలైంది. 1996లో చమురు ప్రమాదాల జాతీయ ప్రణాళిక వచ్చింది, దాని బాధ్యత కోస్ట్‌గార్డ్‌ది. తెట్టు దారి లెక్కగట్టడానికి ఇన్‌కాయిస్ వాడే నోమ్ (GNOME) అనే కంప్యూటర్ మోడల్ అమెరికా వాళ్లది. తెట్టు ప్రవాహంతో పాటు పోతుంది, దానికి గాలి వేగంలో సుమారు 3 శాతం కలుస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ బంగాళాఖాతంలో తీర ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది కాబట్టి, దాన్ని కొలుస్తూ ఉండాల్సిందే. ఈ నీళ్లను కొలిచే విద్య ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎప్పుడో మొదలైంది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి ఇక్కడి విద్యార్థులతో కలిసి ఆ పని చేశాడు.

2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. చిక్కటి ఫర్నేస్ ఆయిల్ మెరీనా బీచ్ దాకా వచ్చింది. ఎర్నావూరు దగ్గర జనం బకెట్లతో తోడిపోశారు. ఇన్‌కాయిస్ వేసిన అంచనాను సెంటినెల్ ఉపగ్రహ చిత్రంతో సరిచూసుకున్నారు. 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను మన బాపట్ల వైపు వస్తున్న రోజుల్లో, ఎన్నూరు కాలువలోకి మళ్లీ చమురు చేరింది.

తెట్టు ఎటు పోతుందో చెప్పడం ఇవాళ గంటల్లో అయ్యే పని. అది పోయాక బురదలో, ఆల్చిప్పల్లో, చేపల్లో ఏం మిగిలిందో ఏళ్ల తరబడి కొలవడమే అసలు కష్టం. కాకినాడ, విశాఖ తీరాల్లో ఓడరేవులున్నాయి, సముద్రంలో చమురు, గ్యాస్ బావులున్నాయి. ఇవాళ్టి నీళ్ల లెక్కలు అక్కడి మత్స్యకారులకు అర్థమయ్యే తెలుగులో, ప్రమాదం రాకముందే వాళ్ల చేతికి అందించాలి.