బకెట్ విసరకముందు

చంచల్‌గూడ మహిళా జైలు గేటు దగ్గర మీ ఫోన్ తీసుకుంటారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటారు. వెనక గడియ పడగానే ఒక్కసారి తిరిగి చూస్తారు. వరండాలో తరగతి కోసం చాపలు పరిచి ఉన్నాయి. చివర్న కూర్చోండి. ఎవరినీ ‘నీది ఏ కేసు?’ అని మాత్రం అడగకండి.

బోర్డు మీద మూడు మాటలు: ఆలోచన, భావం, చర్య. ఉస్మానియా మనస్తత్వశాస్త్ర ఆచార్యులు బీనా చింతలపురి తెలంగాణ జైళ్లలో నడిపించిన ‘ఉన్నతి’ కార్యక్రమానిదీ ఈ బాటే. మనసులో మాట పుట్టడానికీ చెయ్యి లేవడానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. దాన్ని ఎవరికి వారే పట్టుకోవడం నేర్పాలి.

“ఈ వారం ఎవరికైనా గొడవైందా?” పాఠం చెప్పే మేడం అడిగారు.

చాలాసేపు ఎవరూ పలకలేదు. మూలనున్న ఆమె గొంతు సవరించుకుంది. “నీళ్ల కాడ బకెట్ ఇసిరికొట్టిన, మేడం. కోపమొచ్చింది.”

“అంతకుముందు?”

“ములాఖత్‌కు అన్న రాలే. బిడ్డ ఆళ్లింట్లనే ఉంది. ఏమన్నయిందేమోనని...” ఆగింది. “బుగులైంది, మేడం.”

‘భావం’ పక్కన మేడం ‘బుగులు’ అని రాశారు. అది ఒంట్లో ఎక్కడ తెలిసిందని అడిగారు. గుండెల్లోనా, కడుపులోనా? అరచేతులు చెమట పట్టాయా? తర్వాత అందరిచేతా పాదాలు నేలకు ఆనించి, శ్వాస నెమ్మదిగా వదిలించారు. ఆ బుగులు మళ్లీ పుడితే పక్కనున్న మనిషికి చెప్పొచ్చు. ఇంటికి ఫోన్ చేసే వంతు ఎప్పుడని అడగొచ్చు.

మీ ముందున్నామె ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. వాడికి ఆరేళ్లు నిండితే ఇక్కడ ఉంచరు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిన హద్దు అది. అప్పటిదాకా తిండి, వైద్యం, చదువు జైలే చూడాలని కూడా చెప్పింది. ఆ తల్లి దిగులు ఏ పాఠంతోనూ పోదు. పోవాలని అడగడం కూడా అన్యాయం. దాన్ని మొయ్యడానికి తోడు కావాలి, అంతే.

ఆడ ఖైదీల మనసు గురించి ఒకప్పుడు ఇలా అడిగేవారు కాదు. బ్రిటిష్ కాలంలో అండమాన్‌లో, సౌత్ పాయింట్‌లో ఆడ ఖైదీల జైలుండేది. సముద్రం దాటించి తెచ్చిన ఆడవాళ్లకు మగ్గం పని పెట్టేవారు. కొన్నేళ్లు గడిచాక మగ ఖైదీలతో పెళ్లికి అనుమతించేవారు. సంస్కరణంటే అదే. నీకు లోపల ఎలా ఉందమ్మా అని అడిగే మనిషి ఆ పద్ధతిలో లేరు.

ఇప్పుడు చట్టం అడుగుతోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జైలు వైద్యాధికారి ఖైదీల మానసిక జబ్బుల విషయమై మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలి. రాష్ట్రానికి కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. రెండూ కావలసినవే. కానీ బకెట్ విసిరిన ఆమెకు జబ్బు లేదు. ఏ నివేదికలోనూ ఆమె కనిపించదు. అందుకే ఈ చాపల మీది చదువు ఆసుపత్రి ఎంత అవసరమో అంత అవసరమని నా నమ్మకం. ఎవరో దాతలు వచ్చినప్పుడు కాదు, వారం వారం జరగాలి.

“వచ్చే వారం గూడ అన్న రాకపోతే?” ఆమె అడుగుతోంది.

మేడం జవాబు చెప్పేలోపే పక్కనున్న పెద్దావిడ అందుకుంది: “బకెట్ తాకకముందు నాకు చెప్పు. ఆ యాళకు నేనూ నీళ్ల కాడనే ఉంట.”

మేడం తల ఊపి, తర్వాతి ఆమె వైపు తిరిగారు.