బోస్: గద్దె దిగిన గౌరవం

స్పానిష్ వాచకం ‘నువ్వు’కి ‘తూ’ అని, ‘మీరు’కి ‘ఉస్తెద్’ అని నేర్పుతుంది. రెండూ వల్లెవేసుకుని బ్యూనస్ ఐరిస్‌లో దిగితే టాక్సీ డ్రైవరు ‘దె దోందె సోస్?’ అంటాడు. ఎక్కడివాడివి అని. ఆ ‘సోస్’ చదువుకున్న క్రియాపట్టికలో ఏ గడిలోనూ కనపడదు. ‘రా’ అనడానికి పుస్తకంలో ‘బెన్’, ఇక్కడ ‘బెనీ’. ఇవన్నీ ‘బోస్’ అనే సర్వనామం పరివారం. రాసేది ‘వ’తోనే, నోట పలికేది ‘బ’. మన బోసుబాబులకీ దీనికీ చుట్టరికం లేదు.

ఇదేదో అర్జెంటీనా వీధి యాస అనుకుంటారు కొత్తగా నేర్చుకునేవాళ్లు. నిజానికి కొలువుల్లో వెలిగిన మాట. లాటిన్‌లో అది బహువచనం, అచ్చంగా ‘మీరు’. మనలాగే వాళ్లూ ఒక్కరిని పలువురిగా పిలిచి మన్నించారు. పెద్దలకే దక్కిన ఆ మన్నన అందరికీ పంచేసరికి పలచబడింది. 16వ శతాబ్దంలో పరువున్నవాణ్ణి బోస్ అంటే మొహం మాడ్చుకునేవాడు. సెర్వాంటెస్ నవలలో డాన్ కిహోతే తన అనుచరుడు సాంచోని మామూలుగా ‘తూ’ అంటాడు. కోపమొస్తే ‘బోస్’ బయటికొస్తుంది. పొద్దెక్కి లేచిన కొడుకుతో ‘తమరు ఇప్పుడా లేవడం?’ అనే తల్లి గొంతు తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఖాళీ అయిన పీటమీద ‘బ్వెస్త్ర మెర్సెద్’ కూర్చుంది. ‘తమ అనుగ్రహం’ అని అర్థం. అదే అరిగి అరిగి ‘ఉస్తెద్’ అయింది. దానికి క్రియ ప్రథమపురుషలో ఉండేది అందుకే: వచ్చేది మీరు కాదు, మీ అనుగ్రహం!

స్పెయిన్ బోస్‌ని వదిలేసింది. వైస్రాయిల కొలువులున్న మెక్సికో, లిమా మాడ్రిడ్ పోకడనే పట్టాయి. బ్యూనస్ ఐరిస్‌కి వైస్రాయి కొలువు దక్కింది 1776లో. అప్పటికే బోస్ అక్కడి ఇళ్లలో పాతుకుపోయింది, గౌరవం పోయి చనువు మిగిలింది. చిలీలో వ్యాకరణవేత్త ఆంద్రెస్ బెల్యో దాన్ని ఈసడించాడు. బోస్ తలుపు చాటుకి వెళ్లిందంతే: ఇప్పటికీ చాలామంది చిలీవాళ్లు ‘తూ’ అంటూనే క్రియని బోస్‌కి తగ్గట్టు తిప్పుతారు. అర్జెంటీనాలో చాలాకాలం బడిలో తూ, బడి వదిలాక బోస్. కీనో గీసిన కార్టూన్ పాప మఫాల్దా 1964 నుంచీ బోస్ అంటూనే ఉంది; అక్కడి సాహిత్య అకాడమీ ఒప్పుకున్నది 1982లో.

నాకు ముచ్చటేసేది దానిలోని అతుకు. ‘బోస్ తే సెంతాస్’, నువ్వు కూర్చుంటావు అని. కర్త బహువచనం నుంచి దిగిందా, పక్కనున్న ‘తే’ మాత్రం ‘తూ’ ఇంటిది. ‘మీరు రండి, నిన్ను చూసి ఎన్నాళ్లయింది!’ అన్నట్టు. మనకి నవ్వొస్తుంది, వాళ్లకి అదే వ్యాకరణం.

మరి బోస్‌ని దించి గద్దెనెక్కిన ‘అనుగ్రహం’ సంగతి? కొలంబియాలో బోయాకా కొండలవైపు వెళ్తే ‘సు మెర్సెద్’ అరిగి ‘సుమెర్సే’గా వినిపిస్తుంది. బంగాళాదుంపలు అమ్మే ఆమె కొనేవాళ్లని అలాగే పిలుస్తుంది, ఒళ్లో పసివాణ్ణీ అలాగే పిలుస్తుంది.