డాట్సన్ 240జెడ్: ఒక పల్చటి ప్యాకింగ్ వెనక పెద్ద కథ

కుక్కర్ విజిల్ రాకపోతే ఇంట్లో అమ్మ మొదట ఏం చూస్తుంది? గాస్కెట్. రబ్బరు సాగిపోతే ఆవిరంతా పక్కనుంచి పోతుంది, పప్పు ఉడకదు. కారు ఇంజన్‌లో కూడా ఇలాంటి గాస్కెట్లు చాలా ఉంటాయి. మన మెకానిక్‌లు వాటిని ప్యాకింగ్ అంటారు. ఈ రోజు అందులో ఒక్కదాని కథే చెప్తాను: ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్. కారు కూడా ఒక్కటే, డాట్సన్ 240జెడ్.

1969 అక్టోబరులో నిస్సాన్ ఈ కారును అమెరికాలో చూపించింది. జపాన్‌లో దీని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. 2,393 సీసీ ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, ధర 3,526 డాలర్లు. మామూలు ఉద్యోగి కూడా కొనగలిగే స్పోర్ట్స్ కారు కావడంతో అక్కడి కుర్రాళ్లు ఎగబడ్డారు.

ఈ ఇంజన్‌లో ఒక విచిత్రం ఉంది. గాలి లోపలికి వెళ్లే దారీ, పొగ బయటికి వచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. పైన అల్యూమినియం ఇన్‌టేక్, కింద పోత ఇనుము ఎగ్జాస్ట్. రెండింటికీ కలిపి ఒకటే గాస్కెట్. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది. బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ మధ్యలో ఉన్న గాస్కెట్ నలిగిపోతుంది.

అది పాడైతే జరిగేది కుక్కర్‌కి సరిగ్గా రివర్స్. ఇక్కడ లోపలిది బయటికి పోదు, బయటి గాలి లోపలికి దూరుతుంది. కార్బురేటర్ తనలోంచి వెళ్లిన గాలికే లెక్కగా పెట్రోల్ కలుపుతుంది. పక్కనుంచి వచ్చిన గాలికి లెక్కే ఉండదు. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, లాగిన్ పేజీ తగలకుండా లోపలికొచ్చేసిన యూజర్ అన్నమాట. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, యాక్సిలరేటర్ తొక్కితే బండి తడబడుతుంది.

మరి కంపెనీ గాస్కెట్ ఉండగా బయటి కంపెనీల గాస్కెట్లు ఎందుకొచ్చాయి? రేసుల వల్ల. 1970లో, మళ్లీ 1971లో పీటర్ బ్రాక్ టీమ్ తరఫున జాన్ మోర్టన్ 240జెడ్‌తో అమెరికా ఎస్‌సీసీఏ సీ ప్రొడక్షన్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఇంకేముంది, తమ బండి కూడా అలాగే పరుగెత్తాలనుకున్నవాళ్లు రెండు కార్బురేటర్లు తీసేసి మూడు వెబర్‌లో, మికునీలో బిగించారు. హెడ్‌లో గాలి దారులు పెద్దవి చేయించారు. దారి పెద్దదైతే పాత గాస్కెట్ అంచు గాలికి అడ్డంగా పొడుచుకొస్తుంది. అందుకే పెద్ద రంధ్రాల గాస్కెట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఒక మాట గుర్తుపెట్టుకోండి: గాస్కెట్ ఒక్కటి మారిస్తే హార్స్‌పవర్ పెరగదు. చేసిన పనికి అడ్డు రాకుండా ఉంటుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎగ్జాస్ట్ వేడిని తట్టుకుని, నలిగినా చిరగని పదార్థం ఏది? ఆ రోజుల్లో కంపెనీలు ఎక్కువగా వాడిన జవాబు ఆస్బెస్టాస్. తెలుగులో రాతినార. ఇది మనకేం కొత్త కాదు. రేకుల షెడ్డు పైకప్పులో ఉండేది అదే. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దాని గనులే ఉండేవి.

రాతినార కాలదు. కానీ దాని పోగులు కంటికి కనబడనంత సన్నం. పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి, కొన్ని దశాబ్దాల తర్వాత క్యాన్సర్ రావచ్చు. 1960లోనే దక్షిణాఫ్రికా డాక్టర్లు ఆ గనుల ప్రాంతంలో వచ్చిన 33 మెసోథీలియోమా కేసుల గురించి రాశారు. అంటే 240జెడ్ రావడానికి తొమ్మిదేళ్ల ముందే! అమెరికా ప్రభుత్వం 1989లో నిషేధం తెచ్చింది. 1991లో కోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. షీట్ గాస్కెట్లతో సహా క్రైసోటైల్ రకంపై నిషేధం మళ్లీ వచ్చేసరికి 2024. మన సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు భద్రపరచాలని చెప్పింది. ఈ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో ఆ 40 అంకె చూస్తేనే అర్థమవుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కాలేజీలో నేనూ ఒక పాత బైక్ ఇంజన్ ప్యాకింగ్‌ని బ్లేడుతో గీకి, ఆ దుమ్ముని నోటితో ఊదాను. అందులో ఏముందో అప్పుడు ఆలోచించనే లేదు. కొత్త గాస్కెట్ ప్యాకెట్ మీద "ఆస్బెస్టాస్ లేదు" అని ఉండొచ్చు. ప్రమాదం కొత్తదాన్ని పెట్టడంలో లేదు, పాతదాన్ని గీకడంలో ఉంది. చూసి గుర్తుపట్టలేం కాబట్టి పాత బండి అయితే ఉందనే అనుకోండి.

ముందు పాత గాస్కెట్‌ని బాగా తడపండి. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో మెల్లగా తీయండి, అల్యూమినియం మీద గీతలు కూడా పడవు. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దొద్దు. కంప్రెసర్ గాలి కొట్టొద్దు. గుడ్డ మాస్క్ సరిపోదు, పీ100 ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. తీసిన ముక్కల్ని తడిగానే కవర్లో మూసేయండి.

తర్వాత కొత్తది. ముక్కలు లోపల పడకుండా పోర్టుల్లో గుడ్డలు కుక్కి పని చేయండి, బిగించే ముందు గుర్తుగా తీసేయండి. రెండు ముఖాలూ చదునుగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి. నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించండి. ఇంజన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ చెక్ చేయండి.

నాకు 240జెడ్ అంటే ఇప్పటికీ పిచ్చే. కానీ దాని కథలో ట్రాక్ మీద గెలిచినవాళ్లతో పాటు గనిలో తవ్వినవాళ్లూ, షెడ్డులో గీకినవాళ్లూ ఉన్నారు. గెలిచినవాళ్ల పేర్లే మనకు తెలుసు. ఈ వీకెండ్ మీరు ఏ పాత ఇంజన్ విప్పినా, స్పానర్ కంటే ముందు నీళ్ల స్ప్రే పక్కన పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.