చిప్పుల తయారీ: సొంత ఫ్యాబ్ నుంచి ఫౌండ్రీకి

సెమీకండక్టర్ పరిశ్రమ తొలి దశాబ్దాల్లో చిప్పు డిజైన్ చేసినవాళ్లే దాన్ని తయారుచేసేవాళ్లు. ఇంటెల్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, మోటరోలా వంటి కంపెనీలన్నిటికీ సొంత ఫ్యాక్టరీలు ఉండేవి. పరిశ్రమలో వీటిని ఫ్యాబులంటారు. ఫ్యాబ్ కట్టే స్తోమత లేని చిన్న కంపెనీ పెద్ద కంపెనీల గుమ్మం తొక్కాల్సిందే. అక్కడ ఖాళీ దొరికితేనే పని జరిగేది. పైగా తన డిజైన్‌ను పోటీదారు చేతిలోనే పెట్టాలి.

1987లో మోరిస్ చాంగ్ తైవాన్‌లోని షిన్‌చూలో స్థాపించిన టీఎస్‌ఎంసీ ఈ చిక్కును విప్పింది. తైవాన్ ప్రభుత్వం, డచ్ కంపెనీ ఫిలిప్స్ అందులో పెట్టుబడి పెట్టాయి. సొంత పేరుతో ఒక్క చిప్పూ అమ్మకుండా ఇతరుల డిజైన్లను మాత్రమే తయారుచేయడం ఆ కంపెనీ నియమం. ఇలాంటి కంపెనీని ఫౌండ్రీ అంటారు. దాని విజయానికి యంత్రాల కన్నా ఈ నియమమే పెద్ద పునాది. ఎన్విడియా, క్వాల్‌కామ్ వంటి ఫ్యాబ్‌లెస్ (సొంత ఫ్యాబ్ లేని) కంపెనీలు ఎదగడానికి దారి దొరికింది అక్కడే.

ఖర్చు కూడా పరిశ్రమను ఫౌండ్రీల వైపే నెట్టింది. 300 మిల్లీమీటర్ల సిలికాన్ వేఫర్ (పలుచని పళ్లెం) వందల దశలు దాటి చిప్పులుగా మారడానికి నెలలు పడుతుంది. అత్యాధునిక చిప్పుల నమూనాలను వేఫర్ మీద ముద్రించే ఈయూవీ లితోగ్రఫీ యంత్రం ఒక్కదానికే 15 కోట్ల డాలర్లకు పైగా పెట్టాలి. ఆ యంత్రం ఖాళీగా ఉన్నా దాని తరుగుదల ఆగదు. పదిమంది ఆర్డర్లతో ఫ్యాబ్‌ను నింపుకునేవాళ్లకే అది గిట్టుబాటవుతుంది.

ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జెర్రీ శాండర్స్‌కు సొంత ఫ్యాబ్ ఉండటం మగతనంతో సమానం. అదే ఏఎండీ 2009లో అబుదాబి పెట్టుబడితో తన ఫ్యాబులను గ్లోబల్‌ఫౌండ్రీస్‌గా విడదీసింది. 2018లో గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల తయారీ టెక్నాలజీ ప్రయత్నాన్ని ఆపేసింది. అప్పటికే టీఎస్‌ఎంసీ వైపు అడుగులు వేస్తున్న ఏఎండీ, 2019లో 7 నానోమీటర్ల రైజెన్, ఎపిక్ ప్రాసెసర్లు విడుదల చేసింది. ఫ్యాబులు వదిలేసిన ఏఎండీకి మిగిలింది డిజైనే; హైదరాబాద్‌లోని దాని కేంద్రంలో ఇంజనీర్లు చేసేదీ ఆ పనే.

ఇంటెల్ కథ వేరు. డిజైన్, తయారీ ఒకే కప్పు కింద ఉండటం వల్లే అది దశాబ్దాలపాటు అందరికన్నా ముందు నడిచింది. సొంత ఫ్యాబ్ దండగ అనేవాళ్లు ఈ చరిత్రను మరచిపోకూడదు. అయితే 10 నానోమీటర్ల టెక్నాలజీ ఏళ్లతరబడి ఆలస్యమైనప్పుడు దానికోసం డిజైన్ చేసిన ప్రాసెసర్లూ దానితోపాటే ఆగిపోయాయి. 2020లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లకు ఇంటెల్ చిప్పుల బదులు టీఎస్‌ఎంసీలో చేయించిన తన సొంత ఎమ్1 చిప్పు వాడటం మొదలుపెట్టింది.

మరోవైపు అత్యాధునిక తయారీలో అధికభాగం భూకంపాల ముప్పున్న తైవాన్‌లోనే పోగుపడింది. చైనాతో ఉద్రిక్తత సరేసరి. అందుకే దేశీయ ఫ్యాబుల కోసం అమెరికా 2022లో చిప్స్ చట్టం తెచ్చింది. ఇంటెల్ 2021లోనే తన ఫ్యాబుల తలుపులు బయటివాళ్లకు తెరిచింది. 2024లో వచ్చిన దాని ల్యాప్‌టాప్ ప్రాసెసర్ లూనార్ లేక్‌లో ప్రధాన భాగాన్ని మాత్రం తయారుచేసింది టీఎస్‌ఎంసీయే.